ఎండకు వెరవవలసినదెవరు?

తెలుగువారు ఎండను ఎంతో శ్రద్ధగా పరిశీలించినవారు. తెల్లవారిన కొంతసేపటికి కాసేది లేత ఎండ. పొద్దు వాలినప్పుడు కాసేది నీరెండ. ఆ రెంటి నడుమ మండుటెండ, ఎర్రటి ఎండ, మాడు పగిలే ఎండ. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో 'ధూప్' వేరు, వేసవి మధ్యాహ్నం వీచే 'లూ' వేరు. ఈ మాటలన్నింటికీ కొలబద్ద ఒక్కటే, అది వేడిమి. ఒంటికి తగిలిన సెగను బట్టి ఎండకు పేరు పెట్టుకున్నాము. చర్మాన్ని లోలోపల చెరిచే కిరణానికి మాత్రం మన పల్లె నుడిలో పేరు లేదు. ఉండే అవకాశమూ లేదు. ఆ కిరణం కంటికి కనబడదు, ఒంటికి వెచ్చగా తగలదు. పాఠ్యపుస్తకాలు దానిని అతినీలలోహిత కిరణమంటున్నవి.

మేము తెలుగు పాఠం చెప్పేవారమే గాని వైద్యులము కాము. అయినా ఈ సంచికకు ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి కారణమున్నది. ఎండ విషయంలో మన కుటుంబాలలో భయమున్నది, జాగ్రత్తా ఉన్నది. అయితే భయం అవసరమైన వారిపట్ల అది లేదు, అంతగా అవసరం లేని వారిపట్ల మెండుగా ఉన్నది. ఈ తారుమారు వల్ల కొందరు పిల్లల చర్మం, కొందరు స్త్రీల ఎముకలు, ఒక్కొక్కప్పుడు ప్రాణాలే చెడుతున్నవి.

ముందుగా ఆ కిరణం సంగతి కొంత తెలుసుకుందాము. 1801లో యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజుపట్టకం గుండా పంపి, రంగులుగా విడదీసి, సిల్వర్ క్లోరైడు పూసిన కాగితంపై పడనిచ్చాడు. వెలుగు తగిలితే ఆ లవణం నల్లబడుతుంది. ఊదారంగుకు ఆవల, కంటికి ఏ వెలుగూ కానరాని చోట, అది అన్నిటికంటె త్వరగా నల్లబడింది. అట్లా బయటపడిన ఈ కిరణాలను తరువాతివారు మూడు తెగలుగా విభజించారు. అన్నిటికంటె తీవ్రమైన 'సి' తెగను ఆకాశంలోని ఓజోను పొర నేలకు చేరనివ్వదు. 'బి' తెగలో అధికభాగం అక్కడే ఆగి, కొంత మాత్రం దిగివస్తున్నది. 'ఎ' తెగ దాదాపు యథాతథంగా దిగివస్తున్నది. చర్మం కందడానికి ముఖ్యకారణం 'బి'. లోపలి పొరలదాకా పోయి ముడతలు తెచ్చేది 'ఎ'. క్యాన్సరులో రెండింటికీ పాలున్నది.

వేడిమి, ఈ కిరణము ఒకే వేళకు ఉచ్చస్థితికి రావన్నది గమనించదగినది. గాలి బాగా వేడెక్కేది మధ్యాహ్నం 2 గంటలు దాటిన తరువాత. అతినీలలోహితం హెచ్చుగా ఉండేది సూర్యుడు నడినెత్తిన ఉన్న 12 గంటల ప్రాంతంలో. పలుచని మబ్బు దానిని ఆపదు. సముద్రమట్టానికి ప్రతి 1,000 మీటర్ల ఎత్తున అది సుమారు 10 శాతం పెరుగుతుంది. వేసవి సెలవులలో హార్సిలీ కొండలకో ఊటీకో వెళ్ళి, చల్లగా ఉన్నది గదా అని పగలంతా తిరిగినవారికి ముక్కూ చెంపలూ కమిలిపోవడం ఇందువల్లనే. దీనికొక సులువైన కొలత ఉన్నది. మన నీడ మన ఎత్తుకంటె పొట్టిగా ఉన్నంతసేపూ ఈ కిరణం బలంగా ఉన్నట్లే లెక్క. గడియారాలు లేని రోజులలో నీడను కొలిచి అసర్ వేళను గుర్తించిన పెద్దల ఇళ్ళలో ఈ లెక్క ఎవరికీ కొత్తగా తోచదు.

ఈ కిరణం చర్మకణంలో చేసే చెరుపు ఎటువంటిది? కణానికి వంశలిపి వంటిది డి.ఎన్.ఎ. అందులో థైమీను అనే అక్షరాలు రెండు పక్కపక్కన ఉన్నచోట ఈ కిరణం వాటిని ఒకదానికొకటి అతికిస్తుంది. అచ్చులో రెండక్షరాలు అలుక్కుపోతే చదువరి పదాన్ని తప్పుగా చదివినట్లు, కణం కూడా తన లిపిని తప్పుగా చదువుకుంటుంది. కణంలో ప్రూఫులు దిద్దే ఏర్పాటు లేకపోలేదు. చెడిన ముక్కను కత్తిరించి, సరియైన దానిని చేర్చే ఏర్పాటు నిరంతరం పనిచేస్తూనే ఉంటుంది. సంవత్సరాల తరబడి తప్పులు పేరుకుని, వాటిలో కొన్ని దిద్దుబాటుకు చిక్కకపోతే ఆ కణం అదుపు తప్పుతుంది. ఎండకూ ఈ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని మొదట గుర్తించినవారిలో జర్మన్ చర్మవైద్యుడు ఉన్నా ఒకడు. ఓడల మీద జీవితం గడిపిన నావికుల ముఖాన, చేతుల మీద చర్మం మొద్దుబారి క్యాన్సరుగా మారడాన్ని అతడు 1894లో వర్ణించాడు. 1928లో ఫిండ్లే అనే పరిశోధకుడు చిట్టెలుకలపై ఈ కిరణాలను ప్రసరింపజేసి, క్యాన్సరు పుట్టడాన్ని నిరూపించాడు.

దీనికి ప్రకృతి పట్టిన గొడుగు మెలనిన్ అనే నల్లని వర్ణకం. దానిని తయారుచేసే కణాల సంఖ్య నల్లనివారిలోను తెల్లనివారిలోను ఇంచుమించు సమానమేనని తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది. భేదమంతా ఆ కణాలు అందించే వర్ణకపు గింజల పరిమాణంలోను, అమరికలోను ఉన్నది. ఆ గింజలు చర్మకణపు కేంద్రం మీద టోపీ పెట్టినట్లు చేరి, కిరణాన్ని పీల్చుకుంటాయి. పిల్లను చూడవచ్చినవారు వంకపెట్టిపోయే చామనఛాయ, ఆ పిల్లకు పుట్టింటివారు పెట్టలేని సొమ్ము.

ఇంతటి గొడుగు లేనివారి గతి ఏమిటో ఆస్ట్రేలియా చరిత్ర చూపుతున్నది. ఉత్తరాన మసక వెలుగు దేశాలకు తగిన తెల్లని చర్మంతో బ్రిటిష్ దీవుల నుండి వలసపోయినవారి సంతతి అక్కడి తీవ్రమైన ఎండలో స్థిరపడింది. ఫలితంగా ఆ దేశంలో ప్రతి ముగ్గురిలో ఇద్దరికి 70 ఏళ్ళు నిండేలోగా ఏదో ఒక చర్మ క్యాన్సరు కనబడుతున్నది. 1981లో అక్కడి విక్టోరియా రాష్ట్రంలో ఒక సముద్రపక్షి బొమ్మతో ప్రచారం ఆరంభించారు: చొక్కా తొడుక్కో, లేపనం పూసుకో, టోపీ పెట్టుకో అని. టోపీ లేని పిల్లవానికి బడిలో ఆట లేదన్న నియమం పెట్టారు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని నాంబూర్ పట్టణంలో 1992 నుండి నాలుగేళ్ళకు పైగా కొందరిచేత ప్రతిదినం లేపనం వాడించి చూడగా, స్క్వేమస్ కణ క్యాన్సర్లు వారిలో సుమారు 40 శాతం తగ్గినవి.

ఈ పాఠం గొప్పదే. అయితే దీనిని యథాతథంగా తెనిగించి మన ఇళ్ళలో పంచిపెట్టడం సబబు కాదని మా అభిప్రాయం. మన దేశంలో కనబడే క్యాన్సర్లలో చర్మానిది చిన్న వాటా. ఆ చిన్న వాటాలోనూ ఎండతో పొత్తు లేనివి అనేకం. కాశ్మీరులో చలికాలాన అంగీ క్రింద పొట్టకు ఆనించుకునే నిప్పుల కుంపటిని కాంగ్రి అంటారు. ఏళ్ళ తరబడి దాని సెగ సోకిన చోట క్యాన్సరు పుట్టడాన్ని ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు 1866లోనే వ్రాశాడు. పంచె ముడి, లంగా బొందు నడుముకు బిగుతుగా ఒరిసి ఒరిసి పుండుపడిన చోట పుట్టే క్యాన్సరును మన వైద్యులు వర్ణించారు. పశ్చిమ బెంగాలులో బోరునీటిలోని ఆర్సెనిక్ వల్ల అరచేతులు, అరికాళ్ళు పొక్కులు కట్టడం 1983 నాటికి బయటపడింది. అటువంటి చర్మంలోనూ క్యాన్సరు రావచ్చు. వీటన్నిటికంటె మనకు దగ్గరిది కాలిన మచ్చ. చిన్ననాడు పొయ్యిమీద పడో, కిరసనాయిలు స్టవ్వు అంటుకునో కాలిన చోట చర్మం ముడుచుకుపోయి ఉంటుంది. అది 20, 30 ఏళ్ళ తరువాత చిట్లి, మానకుండా ఉంటే కేవలం పాత గాయం రేగిందని పసుపు అద్ది ఊరుకోరాదు.

చామనఛాయవారిలో మెలనోమా అనే ప్రమాదకరమైన క్యాన్సరు వస్తే, అది తరచుగా ఎండ ఎరుగని అరికాలిలో, అరచేతిలో, గోటి క్రింద వస్తున్నది. జమైకా దేశపు గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవ్రేలి గోటి క్రింద 1977లో దీనిని కనుగొన్నారు. 1981లో, 36వ ఏట, ఆయన మరణించాడు. చెప్పు లేకుండా పొలానికి పోయేవారి ఇళ్ళలో కాలి నల్లమచ్చను ముల్లు విరిగిందనో, చెప్పు కరిచిందనో తేలికగా తీసుకుంటారు. అరికాలి మచ్చ పెరుగుతున్నా, అంచులు వంకరపోతున్నా, గోటిలోని నల్లగీత వెడల్పవుతున్నా, ఎక్కడి పుండైనా నెల దాటి మానకున్నా చర్మవైద్యునికి చూపవలసినదే. తొలిదశలో చిన్న శస్త్రచికిత్సతో పోయేవే వీటిలో ఎక్కువ.

ఇక మన మధ్యనే ఉండి, నిజంగా ఎండకు వెరవవలసినవారు ఎవరు? మొదటివారు పుట్టుకతోనే మెలనిన్ లేనివారు. ఒళ్ళంతా పాలిపోయి, వెండ్రుకలు గడ్డిరంగులో ఉండి, వెలుగులో కళ్ళు చికిలిస్తూ కనిపించే ఈ పిల్లలు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. దీనిని ఆల్బినిజం అంటారు. ఇది బొల్లి కాదు, కుష్ఠు అసలే కాదు, అంటువ్యాధి కాదు. టాంజానియా మొదలైన ఆఫ్రికా దేశాలలో ఈ లక్షణం గలవారిలో ఎక్కువమంది చర్మ క్యాన్సరుతో నడివయస్సు చేరకుండానే మరణిస్తున్నారు. ఐక్యరాజ్యసమితి 2015 నుండి జూన్ 13వ తేదీని వీరి కోసం కేటాయించింది.

కొన్నేళ్ళ క్రిందట మా తరగతిలో ఇటువంటి విద్యార్థి ఒకడుండేవాడు. చివరి బల్ల నుండి నల్లబల్ల మీది అక్షరం అతనికి ఆనదు. ముందుకు రమ్మంటే కిటికీ వెలుగు కళ్ళలో గ్రుచ్చుకుంటుందని వెనుకకే పోయేవాడు. పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదివేవాడు. తెచ్చుకున్న మార్కులు మాత్రం చాలామంది కంటె మెరుగు. తోటివారు 'దొరబాబు' అని వేళాకోళం చేసేవారు. ఎండాకాలంలోనూ మణికట్టుదాకా చేతుల చొక్కా, మెడచుట్టూ రుమాలు ఎందుకని ఒకనాడు అడిగితే, చిన్నప్పుడు మేకల వెంట తిరగడం వల్ల మెడ వెనుక గరుకు మచ్చలు లేచినవనీ, అవి ముదిరితే క్యాన్సరవుతుందని చెప్పి ఆసుపత్రిలో అతిశీతల ద్రవంతో మాడ్చివేశారనీ, ఆనాటి నుండి ఎండలో మెడ విప్పలేదనీ చెప్పాడు. అంతవరకు ఆ ఇంటివారికి తెలిసిన జాగ్రత్త ఒక్కటే: చుట్టాలు వచ్చినప్పుడు పిల్లవానిని లోపలి గదిలో ఉంచడం. మేకలు కాయడానికి మాత్రం వాడే. ఇందులో క్రూరత్వం ఏమీ లేదు. నలుగురి కంటబడితే సిగ్గని వారికెవరో చెప్పారు, ఎండ తగిలితే ముప్పని ఎవరూ చెప్పలేదు.

రెండవవారు ఇంకా అరుదైనవారు. వీరి వ్యాధి పేరు జీరోడెర్మా పిగ్మెంటోజం. 19వ శతాబ్ది చివరి భాగంలో కపోసి అనే వైద్యుడు దీనిని వర్ణించాడు. ఇందాక చెప్పిన ప్రూఫులు దిద్దే ఏర్పాటే వీరిలో చెడి ఉంటుందని 1968లో జేమ్స్ క్లీవర్ కనుగొన్నాడు. రెండేళ్ళు నిండకుండానే ఎండ తగిలిన ముఖాన పొడలు పొడలుగా గోధుమరంగు మచ్చలు లేస్తాయి. పసివాడు వెలుగు చూచి ఏడుస్తాడు. జాగ్రత్త లేకపోతే పదేళ్ళ లోపుననే చర్మ క్యాన్సరు రావచ్చును. ఇతర పిల్లలతో పోల్చితే ఇరవై ఏళ్ళలోపు వీరికి ఆ ముప్పు పదివేల రెట్లు. ఫ్రాన్సు దేశంలో వీరిని చంద్రుని బిడ్డలంటారు. పసితనంలోనే గుర్తించి, కిటికీలకు కిరణాన్ని ఆపే పొర అతికించి, ఒళ్ళంతా కప్పి పెంచిన పిల్లలు ఆ క్యాన్సర్ల నుండి చాలావరకు తప్పించుకోగలుగుతున్నారు. అందుచేత ముఖంలో మచ్చలు దిష్టి వల్ల వచ్చాయని తాయెత్తు కట్టించి, అదే మధ్యాహ్నం పసివానిని ఎండలో దర్గాకో గుడికో ఎత్తుకుపోవడం ఎంత హానియో తల్లులకు చెప్పవలసి ఉన్నది.

ఈ రెండు లక్షణాలూ గుప్తంగా వంశంలో నడుస్తాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ పైకి ఆరోగ్యవంతులే అయి, ఒకే లోపపు జన్యువును చెరియొకటి మోస్తున్నప్పుడు, ప్రతి కాన్పులోను బిడ్డకు ఆ వ్యాధి రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశమున్నది. దగ్గరి బంధువుల పెండ్లిలో ఇద్దరూ ఒకే జన్యువును మోసే అవకాశం పెరుగుతుంది. మన ముస్లిం కుటుంబాలలో చచా బిడ్డనో, ఖాలా బిడ్డనో చేసుకోవడం ఉన్నది. పొరుగునున్న హిందూ కుటుంబాలలో మేనరికం, అక్క కూతురిని చేసుకోవడం ఉన్నది. అన్నదమ్ముల బిడ్డలు, అక్కచెల్లెళ్ళ బిడ్డలు సగటున ఎనిమిదింట ఒక వంతు, మేనమామ మేనకోడళ్ళు నాలుగింట ఒక వంతు జన్యువులను పంచుకుంటారు. ఆచారాన్ని ఆక్షేపించడం మా పని కాదు. అటువంటి పెండ్లిళ్ళలో పుట్టిన పిల్లల్లో అత్యధికులు ఆరోగ్యంగానే ఉన్నారు. కాని వంశంలో ఇటువంటి బిడ్డ ఒక్కరైనా ఉన్నప్పుడు, కట్నం మాటకంటె, మహర్ మాటకంటె ముందు జన్యు సలహా ఇచ్చే వైద్యుని వద్దకు పోవడం ఇద్దరు వియ్యంకులకూ మేలు.

ఇంతవరకు వెరవవలసినవారి సంగతి. వెరవనక్కరలేకపోయినా వెరచేది మన ఆడపిల్లలు. ఎండలో పోతే నల్లబడతావన్న మాట వినకుండా పెరిగిన పిల్ల మన తరగతులలో ఒక్కరైనా ఉన్నదా? సంస్కృతంలో అసూర్యంపశ్య అని ఒక పదమున్నది. సూర్యుని చూడనిది అని అర్థం. రాణివాసానికి అది వర్ణన. నేడు పెండ్లి ప్రకటనలు ఆ వర్ణనను గుమాస్తా ఇంటి పిల్లకు కూడా కోరుతున్నవి. తెల్లబరిచే క్రీములు అందుకే పుట్టినవి. వాటిలో కొన్నింట వైద్యుని చీటీ లేకుండా వాడరాని స్టిరాయిడ్లు కలిపి అమ్ముతున్నారు. కొన్నాళ్ళు నిగారింపు కనబడి, తరువాత చర్మం పలుచబడి, ఎర్రబారి, ఎండకు ఓర్వలేనిదై పోతుంది. పుట్టుకతో వచ్చిన గొడుగును డబ్బిచ్చి చింపించుకోవడమన్న మాట.

ఎండకు దాగడంలో రెండవ నష్టం ఎముకలది. 1919లో బెర్లిన్ నగరంలో హుల్డ్‌షిన్‌స్కీ అనే వైద్యుడు రికెట్స్ సోకిన పిల్లలను కేవలం అతినీలలోహిత దీపం వెలుగులో ఉంచి నయం చేశాడు. అదే 'బి' కిరణం చర్మంలో డి విటమినును పుట్టిస్తున్నది. ఏడాది పొడవునా ఎండ కాసే మన దేశంలో దీనికి కొరత ఎక్కడిదని అనుకోవచ్చును. తిరుపతి ప్రాంతంలో జరిగిన పరిశీలనలలో ఆరోగ్యవంతులుగా కనబడేవారిలోనే డి విటమిను, ఆహారంలో కాల్షియము రెండూ తక్కువగా తేలినవి. నల్లని చర్మానికి అదే విటమిను తయారుకావడానికి ఎక్కువసేపు పడుతుందన్నదీ గుర్తుంచుకోవలసినదే. నడుము, తొడలు లాగుతున్నాయని, పీట మీద నుండి లేవలేకపోతున్నామని చెప్పే నడివయస్సు స్త్రీలలో కొందరి బాధకు మూలం ఇది.

పూర్వం పర్దా పాటించిన ఇళ్ళలోనూ సహన్ ఉండేది. తెలుగువారి మండువా లోగిలి వంటిదే. పరాయి కన్ను పడని ఆ వాకిట స్త్రీలు వడియాలు పెట్టేవారు, తల ఆరబెట్టుకునేవారు. ఎండ ఇంట్లోకే వచ్చేది. అపార్టుమెంటులలో ఆ వాకిలి పోయింది, బుర్ఖా మిగిలింది. దోషం వస్త్రానిది కాదు, వాకిలి లేకపోవడానిది. అద్దాల కిటికీ వెనుక కూర్చుంటే చాలునని కొందరనుకుంటారు. గాజు 'బి' కిరణాన్ని ఆపివేస్తుంది. తెల్లవారుజామున, సందెవేళ కాసే ఎండలోనూ ఆ కిరణం మిక్కిలి తక్కువ. చామనఛాయవారు 10, 11 గంటల మధ్య మేడమీదనో బాల్కనీలోనో ముఖము, చేతులు, కాళ్ళు విప్పి వారానికి కొన్ని రోజులు 20, 30 నిమిషాలుండడం మంచిది. పలుచని చల్ల, రాగిజావ దానికి తోడు. ఆల్బినిజం గలవారికి ఈ సలహా వర్తించదు. వారికి విటమినును వైద్యుడు మాత్రల రూపంలో ఇస్తాడు.

వారికి ముఖ్యమైన కవచం గుడ్డ. దట్టమైన నేత, నిండు చేతులు, మెడను కూడా కప్పే వెడల్పు అంచు టోపీ. క్రికెట్ టోపీ ముక్కుకు తప్ప చెవులకు పనికిరాదు. మన రైతు తలపాగా, భుజాన వేసుకునే తుండుగుడ్డ, ముసలివారి నల్లగొడుగు దీనికి బాగా సరిపోతాయి. గుడ్డ కప్పని చోట 30 అంకె గల లేపనం పూయాలి. ఆ అంకె గలది 'బి' కిరణంలో సుమారు 97 శాతాన్ని ఆపుతుంది, పలుచగా పూస్తే అంత ఆపదు. రెండు గంటలకొకసారి, చెమట తుడిచిన ప్రతిసారి మరల పూయాలి. ఆరు నెలలలోపు శిశువుకు లేపనం వద్దు, నీడ చాలు. కళ్ళకు అతినీలలోహితాన్ని ఆపే అద్దాలు కావాలి. కేవలం నల్లని అద్దం కంటిపాపను విచ్చుకొనేట్లు చేసి మరింత కిరణాన్ని లోనికి రానిస్తుంది. శుక్లాలు, కంటిలో కండ పెరగడం బయట పనిచేసే చామనఛాయవారికీ తప్పవు గనుక, ఈ ఒక్క జాగ్రత్త అందరిదీ. వడదెబ్బ ఎట్లాగూ రంగు చూడదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వెయ్యికి మించిన మరణాలు సంభవించినవి.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. ఆల్బినిజం గల విద్యార్థి ఎవరైనా చేరినప్పుడు, కిటికీకి ఎదురుగా కాక, వెలుగు వెనుకనుండి పడే మొదటి బల్లను అతనికి కేటాయించి, పరీక్షపత్రాన్ని పెద్ద అక్షరాలలో ఇప్పించవలెను. మైదానంలో కవాతు నుండి మినహాయింపు అడిగితే వైద్యుని పత్రం కోసం ఆరుసార్లు తిప్పరాదు. క్రీడోత్సవపు పరుగుపందేలను 11 గంటల నుండి సాయంకాలం 4 గంటలకు మార్చితే ఖర్చేమీ లేదు. మైదానపు పడమటి గోడ వెంట వేపమొక్కలు నాటితే అయిదారేళ్ళలో ఆ వేళకు ప్రేక్షకులు కూర్చునే చోట నీడ పడుతుంది. అంతవరకు అద్దెకు తెచ్చిన షామియానా చాలును.